75 సెంటీమీటర్ల లోతున్న మొక్కల అక్వేరియంకు ఎలాంటి ఎల్ఈడీ లైటు తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నా కొత్త మంచినీటి ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 75 లోతు. అడుగున మట్టి పోయాక కూడా దాదాపు 65 సెం.మీ. నీళ్లు దాటి వెలుతురు దిగాలి.

వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, అనూబియాస్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి, వాటి గురించి టెన్షన్ లేదు. నా మనసంతా ముందు భాగంలో పరవాలనుకుంటున్న మాంటే కార్లో (నేల మీద తివాచీలా పాకే చిన్నాకుల మొక్క) మీదే ఉంది. దానికి అడుగున 50 పార్ (మొక్క వాడుకోగల వెలుతురు కొలత) అయినా అందాలని నా అంచనా. సీఓ2 సిలిండర్ ఎలాగూ పెడుతున్నాను.

చాలా లైట్ల మీద వాట్లు, ల్యూమెన్లే రాస్తారు. ల్యూమెన్ అనేది మన కంటికి కనిపించే వెలుగు లెక్క. మొక్కకు కావాల్సింది 400-700 నానోమీటర్ల మధ్య వెలుతురు, అదీ అడుగున ఉన్న ఆకుల దాకా చేరేది. 120 డిగ్రీల కోణంలో వెలుతురు పరిచే లైటయితే అది పక్కలకు చెదిరిపోతుంది. 60 డిగ్రీల లెన్స్ లోతుకు దింపుతుంది, కానీ పైకి ఎదిగిన వాలిస్నేరియా ఆకుల మీద మరీ ఎక్కువై నాచు పడుతుందేమోనని భయం. మూలలు చీకటిగా మిగలొచ్చు కూడా.

ఇంత లోతు ట్యాంకు నడుపుతున్నవాళ్లు ఏం వాడుతున్నారు? ఒక్క బలమైన లైటు మేలా, డిమ్మర్ ఉన్న రెండు లైట్లు పక్కపక్కన పెడితే మేలా? అంచు మీద పెట్టాలా, పైనుంచి వేలాడదీయాలా? పార్ మీటరుతో అడుగున కొలిచినవాళ్లుంటే ఆ అంకెతో పాటు లైటు ఎత్తు, రోజుకు వెలిగించే గంటలు కూడా దయచేసి చెప్పండి.

ఇంత లోతులో మాంటే కార్లో కుదరదంటే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఆ చోట క్రిప్టోకోరైన్ పార్వా నాటుకుంటాను.