పుట్టదా, పుట్టవా?

నీలిజెల్:
"పుట్టలోని చెదలు పుట్టదా గిట్టదా". రెండు రోజులుగా ఈ వేమన పాదం నోట్లోనే తిరుగుతోంది. చిన్నప్పుడు నాకు "పుట్టవా గిట్టవా" అనే నేర్పారు. ఏది సరి? ల్యాబులో జైమోగ్రఫీ (ప్రొటీన్లను తినే ఎంజైములను జెల్‌లో పట్టే పరీక్ష) చేస్తుంటే గుర్తొచ్చింది. జెలటిన్ కలిపి పోసిన జెల్‌లో శాంపిల్ నడిపి, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో కడిగి, కాల్షియం ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేస్తాం. పొద్దున కూమాసీ రంగు పట్టించి కడుగుతుంటే జెల్ అంతా నీలం. 92 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర ఎంఎంపీ-9, 72 దగ్గర ఎంఎంపీ-2 అనే ఎంజైములు జెలటిన్‌ను తిన్న మేర తెల్లటి గీతలు. అచ్చం చెదలు తిన్న తలుపే. దీని మీద తెలుగులో రాస్తున్న వ్యాసానికి ఆ పాదమే పేరుగా పెడదామని.

పలకబలపం:
పుట్టదా. గణాలతో తేలదు, రెండూ రగణాలే. వాడుక చూడండి: "తలుపుకి చెదలు పట్టింది" అంటాం. 'మొదలు'లో లాగే ఇక్కడా 'లు' బహువచనం కాదు.

ఉప్పుటేరు:
మొదలుకి మొదళ్లు ఉంది మాస్టారూ. చెదళ్లు అని ఎవరన్నా అనగా విన్నారా? చెదపురుగులో ఉన్న 'చెద'యే ఏకవచనం. మా వైపు "చెదలు పట్టాయి" అనే అంటారు. పుట్టవా.

పలకబలపం:
పై పాదంలో "వాడు" ఉంది. దయలేని ఆ ఒక్క కొడుక్కి జోడీగా క్రియ కూడా ఏకవచనంలో పడితేనే దెబ్బ తగులుతుంది. ఇంటి పోరుని చెప్పులో రాయితో, చెవిలో జోరీగతో పోల్చినవాడు వచనం చూసుకోకుండా వదులుతాడా?

గంజికుండ:
వచనం సంగతి నాకు తెలియదు గానీ, ల్యాబులోనూ పేచీ లెక్క దగ్గరే. ఎలైజా పరీక్ష ఈ ఎంజైములు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, తింటున్నాయో లేదో చెప్పదు. అలాగని తెల్లగీతనీ పూర్తిగా నమ్మకండి. ఎంజైము ఇంకా మేలుకోని ప్రో రూపం, జెల్‌లో ఉండే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ తగిలి విప్పుకుని, ఆ తర్వాత జెల్‌లో తినేస్తుంది. ఒంట్లో దాన్ని పట్టి ఉంచే టింప్ అనే ప్రొటీన్ కూడా విడిపోతుంది. కాబట్టి రోగి ఒంట్లో అంత తిండీ జరిగిందని కాదు. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వాడారా, గడ్డకట్టనివ్వకుండా తీసే ప్లాస్మానా? రక్తం గడ్డకట్టేటప్పుడు కణాల్లోంచి ఎంఎంపీ-9 బయటికొస్తుంది. సీరంలో అంకె పెరిగితే అది జబ్బు వల్లో, ట్యూబులో గడ్డకట్టడం వల్లో ఎలా తెలుస్తుంది?

నీలిజెల్:
ప్లాస్మాయేనండీ.

ఉప్పుటేరు:
అసలు చెదలు అన్న పోలికే నాకు నచ్చలేదు. చెదలు పాడుచేస్తాయి, అంతే. 1962లో గ్రాస్, లాపియేర్ ఈ జాతి ఎంజైమును మొదట పట్టుకున్నది కప్పపిల్ల తోకలో. కొల్లాజెన్ అనే ప్రొటీన్ జెల్ మీద తోక ముక్క పెడితే చుట్టూ జెల్ కరిగిపోయింది. ఆ తోక కరగకపోతే కప్ప లేదు. పాత గుడి రాళ్లు విప్పి మళ్లీ పేర్చినట్టు. దానికి మనకు మాట ఉంది: జీర్ణోద్ధారణ. జీర్ణం అంటే పాతబడినదీ, అరిగినదీ కూడా. రెండర్థాలూ పనికొస్తాయి.

గంజికుండ:
ఎంత బాగుంది! 'రీమోడలింగ్'కి ఇన్నాళ్లూ పునర్నిర్మాణం అని రాస్తున్నాను, అందులో తినడం లేదు.

పలకబలపం:
మాట బంగారం. కానీ జీర్ణోద్ధరణ, హ్రస్వం. దీర్ఘం కావాలంటే జీర్ణోద్ధారం అనండి.

ఉప్పుటేరు:
మా ఊరి గుడి ఫలకం మీద దీర్ఘమే ఉంది మాస్టారూ. రేపు ఫొటో పెడతాను.

నీలిజెల్:
తప్పక పెట్టండి. 'ద'నా, 'వ'నా అన్నది మాత్రం ఎవరైనా పాత ప్రతి చూసి చెప్పగలరా?