కండరాలు సడలించే ఇంజెక్షన్: అమ్మకు వచ్చిన ఇబ్బంది చెల్లికీ వస్తుందా?

నమస్కారం. మా చెల్లికి వచ్చే వారం గాల్‌బ్లాడర్ ఆపరేషన్. పూర్తి మత్తు ఇస్తామన్నారు. మత్తుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే ఇంజెక్షన్ విషయంలోనే నా భయమంతా.

ఇదివరకు అమ్మకు ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలుగా 10 నిమిషాల్లో ప్రభావం పోయే మందు. అమ్మకు మాత్రం గంటలు పట్టింది. కళ్లు తెరవలేక, సొంతంగా ఊపిరి తీసుకోలేక అప్పటిదాకా వెంటిలేటర్ మీదే ఉంది. ఈ మందును విడగొట్టే ఎంజైమ్ రక్తంలో తక్కువని, ఇది వంశపారంపర్యంగా రావచ్చని డిశ్చార్జ్ కాగితంలో రాశారు. ఆ కాగితం చెల్లి ఫైల్లో పైనే పెట్టాం. మత్తు డాక్టరుగారిని ఇంకా కలవలేదు.

తెలిసినవాళ్లు, ముఖ్యంగా మత్తు డాక్టర్లు, దయచేసి చెప్పండి. చెల్లికి ముందే ఆ ఎంజైమ్ (సూడోకోలినెస్టరేజ్) ఎంతుందో చూసే రక్తపరీక్ష చేయించాలా? అమ్మ సంగతి చెబితే సక్సినైల్‌కోలిన్ పూర్తిగా మానేస్తారా? బదులుగా రోక్యురోనియం ఇచ్చి, చివర్లో సుగామాడెక్స్‌తో దాని ప్రభావం తీసేయవచ్చని చదివాను. అది చెల్లిలాంటివాళ్లకు సురక్షితమేనా? ఊపిరి కోసం గొంతులో వేసిన ట్యూబు తీసేముందు కండరాల బలం తిరిగొచ్చిందో లేదో మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి చూసే మానిటర్ ఉంటుందట. అది వాడమని మేమే అడగవచ్చా? చెల్లి ధైర్యంగానే ఉంది, టెన్షన్ అంతా నాకూ అమ్మకూనే.