ఓర్వకల్లు దగ్గర ప్లాటు కొనొచ్చా? చిప్ ఫ్యాక్టరీ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

మాది కర్నూలు, చిన్న టైలరింగ్ షాపు. పోయిన ఆదివారం ఒక బ్రోకర్ నన్నూరు టోల్‌గేటు దాటించి ఓర్వకల్లు పక్కన వెంచర్ చూపించాడు. రాళ్ల మధ్య సున్నం గీతలు, నాలుగు వేప మొక్కలు, అంతే. "చిప్ ఫ్యాక్టరీ వస్తాంది, రెండేళ్లలో డబుల్" అంటాడు. అడ్వాన్సుకు వారమే గడువు. గాజులు తాకట్టు పెట్టడం మా ఆవిడకు ఇష్టం లేదు, నాకేమో టెన్షన్.

నేను చదివిందేంటంటే, ఇండిచిప్ అనే కంపెనీ జపాన్ భాగస్వామితో కలిసి ఓర్వకల్లులో సిలికాన్ కార్బైడ్ అనే పదార్థంతో చిప్‌లు చేస్తామని 2025 జనవరిలో రాష్ట్రంతో ఎంఓయూ (ప్రాథమిక ఒప్పందం) చేసుకుంది. రూ.14,000 కోట్లన్నారు. కానీ కేంద్రం 2021లో రూ.76,000 కోట్లతో పెట్టిన చిప్‌ల పథకంలో ఆమోదం దొరికితేనే కదా ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా సాయం అందేది? గుజరాత్ ధొలేరాలో టాటా ఫ్యాబ్‌కు (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీకి) అట్లాగే 2024 ఫిబ్రవరిలో క్యాబినెట్ ఓకే అంది. 2025 ఆగస్టులో మన రాష్ట్రానికి వచ్చిన ఆమోదం వేరే కంపెనీ ప్యాకేజింగ్ యూనిట్‌కు, అంటే తయారైన చిప్‌లను ప్యాక్ చేసేదానికి. బ్రోకర్ రెండూ కలిపేసి చెప్తున్నాడు.

2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు మా బావ ఇట్లే కొన్నాడు. ఇప్పటికీ బేరం రాలేదు.

ఓర్వకల్లు వైపు వాళ్లెవరైనా ఉంటే, అక్కడ పని మొదలైందా? కేంద్రం ఆమోదం లేకుండా రాష్ట్రం రాయితీలు ఇస్తుందా? కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్, ఈసీ (భూమి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) కాకుండా ఇంకేం చూసుకోవాలి? శనివారంలోపు చెప్పండన్నా.