రోనిన్ సినిమాలో ఛేజ్‌లు అంత బాగున్నా, మనుషులు మనసుకు ఎందుకు పట్టలేదు?

కడప డ్రైవర్:
నిన్న రాత్రి 'రోనిన్' (1998) చూశాను. పదకొండేళ్లుగా కడప - రాయచోటి మధ్య కారు తోలుతున్నాను. గువ్వలచెరువు ఘాట్ రోజూ ఎక్కి దిగేవాణ్ణి కాబట్టి, సినిమాలో బండి అబద్ధమాడితే ఇట్టే తెలుస్తుంది. ఇందులో ఆడలేదు. ఫ్రాన్స్‌లోని నీస్ ఊరి ఇరుకు సందుల్లో మలుపు తిరిగేటప్పుడు బండి బరువంతా ఒక పక్కకు ఒరుగుతుంది చూడండి, అది నిజం. ప్యారిస్‌లో ఎదురొచ్చే బండ్ల మధ్య రాంగ్ రూట్‌లో టన్నెల్లోకి దూరినప్పుడు నా కుడికాలు దానంతటదే బ్రేక్ తొక్కింది.

కానీ బండ్లలో ఉన్నవాళ్ల మీద ప్రేమ గానీ కోపం గానీ పుట్టలేదు. ఒక పెట్టె కొట్టేయడానికి కుదిరిన కిరాయి ముఠాలో శామ్ ఒకడు, ఆ పని అప్పజెప్పేది డీర్‌డ్రా. చివర్లో శామ్ ఆమె కోసం కాచుకుని ఉంటాడు, ఆమె రాదు. అక్కడ గుండె పిండేయాలి కదా? నాకేమీ కాలేదు. మీకూ ఇంతేనా?

అనంతపురం మెకానిక్:
అన్నా, ఆ ఛేజ్‌లు నిజం రోడ్ల మీద తీసినవే. కొన్ని షాట్లకు కుడి పక్క స్టీరింగ్ ఉన్న కార్లు తెచ్చి, ఎడమ పక్క ఉత్తుత్తి స్టీరింగ్ బిగించి నటుల్ని కూర్చోబెట్టారు. తోలింది కుడి పక్కనున్న స్టంట్ డ్రైవర్. అందుకే ముఖాల్లో ఆ టెన్షన్. డైరెక్టర్ ఫ్రాంకెన్‌హైమర్ 1966లోనే కార్ రేసుల మీద 'గ్రాండ్ ప్రి' తీసినాయన. నాకైతే ఇది చాలు.

కర్నూలు అక్క:
రోనిన్ అంటే యజమాని లేని సమురాయ్. ఇల్లూ ఊరూ లేనివాళ్లుగా కావాలనే రాశారు తమ్ముడూ. అందరూ కొట్టుకు చచ్చే ఆ పెట్టెలో ఏముందో కూడా చివరిదాకా చెప్పరు. నాకది లోపమనిపించలేదు.

కడప డ్రైవర్:
అక్కా, శామ్ వరకు ఒప్పుకుంటాను. మరి డీర్‌డ్రా? ప్యారిస్‌లో ఆ బీఎండబ్ల్యూ తోలేది ఆమే. పైవాళ్ల ఆర్డర్లు మోయడం తప్ప ఆమెకంటూ ఏముందో మనకు తెలియనివ్వరు.

పోయిన వానల్లో ఒక పెద్దావిడ నా బండెక్కింది. మనవడికని గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుంది. ఘాట్ దిగుతున్నంతసేపూ సీటు పట్టుకోలేదు, ఆ పొట్లమే రెండు చేతులతో పట్టుకుంది. ప్రతి మలుపులోనూ అద్దంలో ఆ చేతులే చూస్తూ గేరు తగ్గించాను. ఆమె గురించి నాకు తెలిసింది అంతే, అయినా ఆ రోజు పడ్డ భయం ఇంకా గుర్తుంది.

రెండు గంటల సినిమాలో డీర్‌డ్రా చేతికి అలాంటి పొట్లం ఒక్కటి ఇవ్వలేకపోయారా?