తోటలో రెండు రాత్రులు, ఐదుగురం, ఒక్కడికీ వంట రాదు. ఏం వండుకోవాలి?

వైజాగ్ బీచ్ రోడ్:
అందరికీ నమస్కారం. డిగ్రీలో కలిసి చదువుకున్న ఐదుగురం డిసెంబరు రెండో శనివారం నర్సీపట్నం దగ్గర మా వాడి మామిడి తోటకి వెళ్లి రెండు రాత్రులు ఉండి సోమవారం పొద్దున బయలుదేరదామని ప్లాన్. తోటలో రేకుల షెడ్డు, బోరు ఉన్నాయి, కరెంటు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, గ్యాస్ మాత్రం లేదు. కట్టెలు కావలసినన్ని ఉన్నాయన్నాడు. పార్సిళ్లు తెచ్చుకుందాం అన్నారు మిగతావాళ్లు, నేనే వద్దన్నాను, మన చేతులతో వండుకుని తినాలని గట్టిగా అనిపించింది. తీరా చూస్తే నాకు ఆమ్లెట్టు, మ్యాగీ తప్ప ఏమీ రాదు, మిగతా నలుగురూ అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ కాన్పుకి పుట్టింటికి వెళ్లి రెండు నెలలైంది, అప్పట్నుంచీ హోటల్ కూడే తింటున్నాను, కడుపు పాడైంది. ఫిబ్రవరిలో బిడ్డతో వచ్చేసరికి నాలుగు వంటలైనా వచ్చి ఉండాలని నా కోరిక. అందుకే ఇంట్లో కూడా పనికొచ్చేవి చెప్పండి. మాలో ఒకడు శనివారం నీచు ముట్టడు, కాబట్టి మొదటి రాత్రి శాకాహారం, ఆదివారం కోడి. కొలతలు మనిషికి ఎంతో చెబితే మేలు, అందరివీ పెద్ద పొట్టలే.

పాత లారీ డ్రైవర్:
తమ్ముడూ, 22 ఏళ్లు లారీ నడిపాను, సగం భోజనాలు రోడ్డు పక్కన పంపు స్టవ్ మీద, కిరసనాయిలు దొరకని రోజున మూడు రాళ్ల మీద వండుకున్నవే. వంటకం పేరు తర్వాత చూద్దాం, ముందు నిప్పు సంగతి తెలుసుకో. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటే, మంట ఎగిసిపడుతుంటే గిన్నె పెట్టేస్తారు, అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. మంట ఎసరు మరగడానికి, కూర ఉడకడానికి నిప్పులు.

రాళ్లు వాగులోంచో ఏట్లోంచో తేవద్దు, లోపల తడి ఉన్న రాయి వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఇటుకలు దొరికితే అవే మంచివి. గాలి ఎటునుంచి వస్తోందో చూసి పొయ్యి నోరు అటు పెట్టు. కొబ్బరి పీచు, ఎండు తాటాకు, దాని మీద వేలంత లావు చితుకులు, అవి బాగా అంటుకున్నాక మణికట్టంత కట్టెలు. సరుగుడు, తుమ్మ, చింత కట్టెలకి నిప్పులు గట్టిగా నిలుస్తాయి. మామిడి కూడా బాగానే కాలుతుంది కానీ నిరుడు కొట్టినదై ఉండాలి, పచ్చిదైతే పొగకి కళ్లు పోతాయి. గన్నేరు పుల్ల మాత్రం పొయ్యిలోకీ వద్దు, ముక్కలు గుచ్చి కాల్చడానికీ వద్దు, అది విషం.

వంట మొదలుపెట్టడానికి ముప్పావుగంట ముందే నిప్పు రాజెయ్యి. రెండు పొయ్యిలు పెట్టుకుంటే ఇంకా హాయి, ఒకదాంట్లో కట్టెలు కాలుతూ నిప్పులు తయారవుతుంటాయి, వాటిని పారతో రెండోదాంట్లోకి లాక్కుంటూ వండుకోవచ్చు. సెగ ఎంతుందో తెలియాలంటే నిప్పులకి జానెడు పైన అరచెయ్యి పెట్టి లెక్కపెట్టు. రెండు మూడు అంకెలకే చెయ్యి లాగేస్తే పెద్ద సెగ, ఐదారు దాకా ఆగితే కూరకి సరిపోయే సెగ.

గిన్నె పొయ్యెక్కించే ముందు బయట అడుగుకి తడి బూడిదో బంకమట్టో పూయండి, తర్వాత మసి ఒక్క తోముడికి పోతుంది. పల్చటి స్టీలు గిన్నెలు వద్దు, మందమైన సిల్వర్ డేక్సా పట్టుకెళ్లండి.

అన్నం అత్తెసరు పెట్టకు. గ్యాస్ మీద అయితే సెగ తగ్గిస్తావు, కట్టెల మీద అది కొత్తవాడి వల్ల కాదు. గంజి వార్చే పద్ధతే మీకు మంచిది. మనిషికి 150 గ్రాముల బియ్యం, మీకు ముప్పావు కిలో, పెద్ద పొట్టలంటున్నావు కాబట్టి ఇంకో గుప్పెడు. కడిగి పావుగంట నానబెట్టు. బియ్యానికి ఐదారింతల నీళ్లు తెర్లాక బియ్యం పొయ్యి. పన్నెండు పదమూడు నిమిషాలకి మెతుకు నొక్కి చూస్తే మధ్యలో చుక్కంత పలుకు ఉంటుంది, అప్పుడు మూత అడ్డం పెట్టి గుడ్డతో రెండు వైపులా పట్టుకుని గంజి వార్చెయ్, వంచేది నీకు ఎదురుగా కాదు, అవతలికి, ఆవిరికి చేతులు బొబ్బలెక్కుతాయి. మళ్లీ సన్నటి నిప్పుల మీద ఐదు నిమిషాలు మూతపెట్టి ఉంచితే పలుకు కూడా పోయి పొడిపొడిగా వస్తుంది. ఆ గంజి పారబోయకండి, ఉప్పు, కాస్త మజ్జిగ వేసుకుని తాగండి, చలికాలం పొద్దుటిపూట దాన్ని మించింది లేదు.

కడప పుల్లారెడ్డిపేట:
లారీ అన్న చెప్పిన అన్నం పద్ధతి బాగుంది కానీ శనివారం రాత్రికి అన్నం వేరే పప్పు వేరే ఎందుకు బ్రో, మా సీమలో చేసుకునే పులగం చేసుకోండి, ఒకే గిన్నె. కందిపప్పు కుక్కర్ లేకుండా ఉడకాలంటే గంట కూర్చోవాలి, పెసరపప్పు అన్నంతో పాటే ఉడికిపోతుంది. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పొట్టు పెసరపప్పు, పప్పు దోరగా వేయించి రెండూ కలిపి కడిగి నానేసుకోండి. డేక్సాలో నూనె, జీలకర్ర, మిరియాలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక పసుపు, ఉప్పు, పది గ్లాసుల నీళ్లు. తెర్లాక బియ్యం పప్పు వేసి, నీళ్లు ఇంకేదాకా ఉడికించి, కింద నిప్పులు సగం లాగేసి మూత మీద నాలుగు నిప్పులు పెట్టండి. కాస్త మెత్తగా అయినా పులగం చెడదు, అదే దీని గొప్ప.

పక్కకి చెనిక్కాయల ఊరిబిండి, అంటే మీ వేరుశనగ పచ్చడి. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు. రోలు లేకపోతే ఇంటి దగ్గరే గట్టిగా మిక్సీ పట్టించుకుని డబ్బాలో తెచ్చుకోండి, అక్కడ నీళ్లు కలుపుకుంటే చాలు. పైన నెయ్యి తప్పకుండా ఉండాలి, పులగానికి నెయ్యి లేకపోతే నేను ఒప్పుకోను.

నిప్పుల మీద రెండు పెద్ద వంకాయలు, నాలుగు టమాటాలు, పచ్చిమిర్చి కాల్చండి. వంకాయకి ముందే నాలుగు గాట్లు పెట్టి లోపల పురుగు చూసుకోండి, గాట్లు లేకపోతే చిట్లుతుంది కూడా. తొక్క నల్లగా మాడి లోపల జావలా అయ్యేదాకా తిప్పుతూ ఉండాలి, పావుగంట పైనే పడుతుంది. తొక్క తీసి, చింతపండు పులుసు, పచ్చి ఉల్లిపాయ, ఉప్పు వేసి చేత్తో పిసకండి. దీనికి ఏ వంటా రానక్కర్లేదు, గ్యాస్ మీద చేసిన దానికి ఈ పొగ వాసన రమ్మన్నా రాదు.

వైజాగ్ బీచ్ రోడ్:
చదువుతుంటేనే నోరూరుతోంది. మా వాళ్లు ఆదివారం బొంగులో చికెన్ చేద్దామని పట్టుబడుతున్నారు, అరకులో తిన్నారట. అది మావల్ల అవుతుందా?

రంపచోడవరం:
బాబాయ్, మాది ఏజెన్సీయే, మారేడుమిల్లి రోడ్డులో బొంగు చికెన్ అమ్మే చోట రెండు సీజన్లు పనిచేశాను. అవుతుంది, కానీ భోజనం మొత్తం దాని మీద పెట్టుకోవద్దు. ఒక బొంగులో పట్టేది ముప్పావు కిలో, మొదటిసారి ఏదో ఒకటి అటూ ఇటూ అవుతుంది, ఐదుగురు ఆకలితో చూస్తూ కూర్చుంటారు. కిలోన్నర తీసుకుని కిలో మామూలు కూర, అరకిలో బొంగులో పెట్టండి.

బొంగు పచ్చిది కావాలి, ఎండుదైతే కూర కంటే ముందు అదే కాలిపోతుంది. అడవిలో మీరు నరకొద్దు, రిజర్వు ఫారెస్టులో అది నేరం, సంతలోనో ఊళ్లో వాళ్ల దగ్గరో కొనుక్కోండి. ఒక వైపు కణుపు ఉండాలి, రెండో వైపు తెరిచి ఉండాలి. లోపల నీళ్లతో కడగండి. ముక్క చిన్నది కొట్టించండి. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరింది, కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు, నిమ్మరసం పట్టించి గంట ఉంచండి. నూనె చుక్క వెయ్యం, నీళ్లు అసలే వద్దు, కోడిలో ఊరే నీరు, బొంగులో తడి సరిపోతాయి. బొంగు నిండా కూరకండి, బెత్తెడు ఖాళీ వదిలి నోటికి అడ్డాకు గానీ అరటాకు గానీ చుట్టి కుక్కండి. గట్టిగా బిగించొద్దు, ఆవిరి పోవడానికి దారి లేకపోతే బొంగు పగులుతుంది.

ఏటవాలుగా నిప్పుల మీద ఆనించి నోరు పైకి ఉండేలా పెట్టి, నాలుగైదు నిమిషాలకోసారి తిప్పుతూ ఉంటే 40 నిమిషాలు. పైన పచ్చరంగు పూర్తిగా పోయి నల్లబడాలి, ఆకు దగ్గర నుంచి ఆవిరితో పాటు మసాలా వాసన రావాలి. ఒక ముక్క తీసి ఎముక దగ్గర విరిచి చూడండి, గులాబీ రంగో ఎర్రటి నీరో కనిపిస్తే మళ్లీ లోపలికే. ధర్మామీటరు ఉన్నవాళ్లకి లెక్క 74 డిగ్రీల సెల్సియస్. కోడి విషయంలో మొహమాటం వద్దు, సరిగా ఉడకనిది తింటే సోమవారం ప్రయాణం నరకం.

ఇంకొకటి, కోడి శనివారమే వైజాగ్ నుంచి తీసుకెళ్లొద్దు. ఆదివారం పొద్దున నర్సీపట్నంలో కొట్టించుకుని వెంటనే ఉప్పు పసుపు పట్టించి వండేయండి. బ్రాయిలరే తీసుకోండి, నాటుకోడి రుచి నిజమే కానీ కట్టెల మీద గంటన్నర ఓపిక ఉండాలి.

పాత లారీ డ్రైవర్:
ఈ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. కూర కొలత నేను చెప్తా. కిలో కోడికి నాలుగు పెద్ద ఉల్లిపాయలు, రెండు టమాటాలు, ఐదారు చెంచాల నూనె, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, చివర్లో చెంచా గరం మసాలా. చెంచా అంటే టీ చెంచా, ఉప్పు కూడా దాంతోనే రెండు వేసి తర్వాత రుచి చూసి కలుపుకో. ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా ఎంత ఆకలేసినా ఆగాలి, మగవాళ్ల కూరలు చెడేది అక్కడే, తెల్లగా ఉండగానే కోడి వేసేస్తారు. ముక్కలు వేశాక నీళ్లు పొయ్యకు, మూతపెట్టి పది నిమిషాలు ఉంచితే దాని నీరే వస్తుంది, ఆ నీరు ఇగిరి నూనె తేలాక ఒక గ్లాసు వేడినీళ్లు పోసి దగ్గరికి రానివ్వు.

రాత్రి చలికి నిప్పులు షెడ్డు లోపలికి తెచ్చుకుని తలుపేసుకుని పడుకోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ గది నిండుతుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది, నాకు తెలిసిన ఇద్దరు పోయారు. పొయ్యి ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గరపెట్టి సెగ లేదని చూసుకునే పడుకోండి, తోటలో ఎండాకులు ఉంటాయి.

అమ్మమ్మ వంటిల్లు:
బాబూ, నువ్వు బిడ్డ గురించి రాసిన మాట చూసి ఆగాను. తోట వంట సరే, ఇంటికి వచ్చాక ముందు మిరియాల చారు నేర్చుకో, బాలింతకి అదే కావాలి, నీ పాడైన కడుపుకీ అదే మందు. నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత చింతపండు చాలు. మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పల్చటి చింతపండు నీళ్లలో పసుపు, ఉప్పు, కరివేపాకుతో మరిగించు. పొంగు వచ్చాక రెండు మూడు నిమిషాలు, అంతకన్నా వద్దు. నేతిలో ఆవాలు, జీలకర్ర, ఇంగువ పోపు. వారానికి రెండుసార్లు చేస్తే ఫిబ్రవరికి కళ్లు మూసుకుని చేస్తావు. ఆ అమ్మాయికి వాళ్లమ్మ ఏం పత్యం పెడుతోందో ఫోన్ చేసి అడిగి రాసిపెట్టుకో, ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. వండినవాడే గిన్నెలు తోముకోవడం కూడా తోటలోనే అలవాటు చేసుకోండి ఐదుగురూ.

వైజాగ్ బీచ్ రోడ్:
వెళ్లొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. పులగం అడుగు కాస్త అంటింది, అయినా గిన్నె ఖాళీ. వంకాయ పచ్చడి ఇంకా చేద్దామని రాత్రి పదింటికి టార్చి పట్టుకుని పక్క పొలం రైతుని అడిగి ఇంకో నాలుగు వంకాయలు తెచ్చాం, ఆయన్నీ పిలిచి కూర్చోబెట్టాం. ఆ పెద్దాయనే పొద్దున చిలగడదుంపలు తెచ్చి, ఆరిపోబోతున్న నిప్పుల కింద బూడిదలో కప్పి అరగంట వదిలేశాడు, టీతో తిన్నాం. టీలో అనకాపల్లి బెల్లం వేశాం, మొదటిసారి పాలు విరిగాయి, పొయ్యి మీంచి దించాక బెల్లం కలపాలని ఆయనే చెప్పాడు.

కోడికూర లారీ అన్న చెప్పినట్టే ఉల్లిపాయలు ఎర్రగా వేయించి చేశాను, ఇరవై నిమిషాలు నిలబడి కలిపాను. మా వాళ్లలో ఒకడు వాళ్లమ్మ చేసినట్టుందన్నాడు, ఆవిడ పోయి మూడేళ్లైంది, కాసేపు ఎవరం మాట్లాడలేదు. బొంగు ఒకటి బాగా వచ్చింది, ఇంకోటి నోరు కిందికి జారి రసం నిప్పుల్లో పోయింది, ముక్క పొడిగా అయింది.

మిరియాల చారు నిన్నటికి మూడోసారి. అమ్మగారూ, ఘాటు ఎక్కువవుతోంది, ముగ్గురికి మిరియాలు ఎన్ని వేయాలి?

అమ్మమ్మ వంటిల్లు:
అర చెంచా చాలు బాబూ, జీలకర్ర ఒక చెంచా. బాలింతకైతే చింతపండు ఇంకా తగ్గించు.