‘శ్వాస మీద ధ్యాస’నా, ‘ఒంటి మీద సోయి’నా?

నల్లగొండ నుంచి:
ధ్యానానికి కూసోవెట్టేటప్పుడు చెప్పే ‘శ్వాస మీద ధ్యాస’ అనే మాట మన దిక్కు ఎంత పాకిందో కడ్తాల్ ధ్యాన పిరమిడ్‌కు పోయొచ్చినోళ్లను కదిలిస్తే తెలుస్తది. ప్రాస కుదిరింది, నోటికి పట్టింది. నా పేచీ ప్రాసతోని కాదు, ధ్యాసతోని. మనం ఆ మాట ఎక్కడ వాడుతం? ‘పిల్లగానికి ఎప్పుడు సూడు ఫోన్ ధ్యాసనే’, ‘అన్నం ధ్యాస గూడ లేదు’. మనసు దేన్నో పట్టుకొని ఇడుస్తలేదని. ఊపిరిని గూడ గట్లనే పట్టుకుంటే? కొత్తగ కూసున్నోళ్లు లెక్కవెట్టుకుంట, బలవంతంగ గుంజుకుంట ఉంటరు. జెరసేపటికే ఛాతి బిగుసుకుంటది, ‘ఇది నాతోని కాదు’ అని లేస్తరు.

సోయి వేరు. సోయి తప్పిండు, సోయికొచ్చిండు, ఒంటి మీద సోయి లేకుంట పన్నడు. ఏదో చేసుడు కాదు, ఉన్నది ఎరుకైతే చాలు. కింద కూసుంటే నేల ఎక్కడ ఒత్తుకుంటున్నది, దవడ బిగబట్టి ఉన్నదా, భుజాలు చెవుల దాక ఎక్కినయా, ముక్కుల కొస్తున్న గాలి సల్లగున్నదా, పోతున్నది ఎచ్చగున్నదా.

బౌద్ధుల ఆనాపానసతి, అంటే ఊపిరిని ఎరుకతోని సూసే ధ్యానం గూడ గిట్లనే మొదలైతది. పొడుగు ఊపిరైతే పొడుగని, పొట్టిదైతే పొట్టిదని తెలుసుకొమ్మంటది. పాళీల ‘సతి’ అంటే స్మృతి, ఎరుక. నాకైతే దానికి సోయి కంటె దగ్గరి మాట దొరకలే. బౌద్ధం మనకు కొత్తేం కాదు, స్తూపం, విహారాలు ఉన్న ఫణిగిరి 2016 దాక మన జిల్లాలనే ఉండె, ఇప్పుడు సూర్యాపేటల వడ్డది.

పాలమూరు నుంచి:
అన్నా, సోయి మా దిక్కు తిట్లల్లనే ఎక్కువ ఇంటం. ‘సోయి ఉన్నదార నీకు?’ అని. కూసోవెట్టి ‘సోయి పెట్టుండ్రి’ అంటె పెద్దమనుషులు నొచ్చుకుంటరు. ‘నిమ్మలం’ అనరాదు? జరం తగ్గినా నిమ్మలమే, ఇంట్ల లొల్లి సల్లవడ్డా నిమ్మలమే.

నల్లగొండ:
నిమ్మలం చేరాల్సిన ఊరు తమ్మీ. తొవ్వ అడిగినోనికి ఊరు పేరే మల్ల చెప్తే ఎట్ల? ఆగమాగమున్నోన్ని ‘నిమ్మలంగుండు’ అంటె ఇంకింత ఆగమైతడు.

దేవరకొండ నుంచి (దవాఖానల నర్సును):
మా దవాఖానల ‘దీర్ఘశ్వాస తీసుకోండి’ అంటె నోరు తెరిచి, ఛాతి ఉబ్బిచ్చి, అట్లనే బిగవడతరు. ‘అవ్వా, ఊపిరి మెల్లగ ఇడువు’ అంటె భుజాలు వాటంతట అవే దిగుతయి. పీల్చేటప్పుడు గుండె జెర ఉరుకుతది, ఇడిచేటప్పుడు నెమ్మదిస్తది. గందుకే గాబరావడ్డోళ్లకు ‘తీసుకో’ కంటె ‘ఇడువు’ పనికొస్తది. ‘దమ్ము’ మాత్రం వాడకుండ్రి. ‘దమ్ము ఎట్లున్నది?’ అని అడిగితే ‘నాకు దమ్ము లేదు బిడ్డా, ఉత్త దగ్గే’ అన్నదొకామె. ఆమె లెక్కన దమ్మంటే ఆయాసం రోగం. మొగోళ్లకైతే బీడీ యాదికొస్తది.

గుంటూరు నుంచి వచ్చిన కోడలు:
మీ దిక్కు ఒంటిని ‘పెయ్యి’ అంటారుగా. మా వైపు పెయ్య అంటే ఆడదూడ. పెళ్లైన కొత్తలో మా అత్తగారు ‘పెయ్యి కాలుతుంది’ అంటే కొట్టంలోకి పరిగెత్తాను. అందుకే శీర్షికలో ‘ఒంటి మీద’ అని పెట్టడం మంచిదైంది.

వనపర్తి నుంచి (సంస్కృతం చెప్పిన పంతులు):
హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం రెండో ఉపదేశంలో ‘చలే వాతే చలం చిత్తం, నిశ్చలే నిశ్చలం భవేత్’ అని ఉంది. వాయువు చలిస్తే చిత్తం చలిస్తుంది, అది నిలిస్తే ఇదీ నిలుస్తుంది. అక్కడి దారి వాయువును నిరోధించడం, కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం దాకా పోతుంది. గురువు దగ్గర లేకుండా, ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు బిగబట్టే పని పెట్టుకోవద్దు. మీరు చెప్పే సోయికి ఆ చిక్కు లేదు, ఆ మేరకు నాకు నచ్చింది. ధ్యాసను పూర్తిగా తీసెయ్యడం మాత్రం ఒప్పుకోను. మొదట్లో మనసుకు ఒక గూటం కావాలి.

నల్లగొండ:
సరే సారు. గూటానికి కట్టేటప్పుడు పలుపు వదులుంచుమనే నేను అనేది.

పాలమూరు:
‘పానం’ సంగతి ఎవ్వరెత్తలే. ‘పానం మంచిగ లేదు’ అంటె ఒళ్లా, మనసా?

దేవరకొండ:
మా దగ్గరికొచ్చినోళ్లు రెండిటికీ అదే అంటరు. ఎక్కడ నొప్పి అని అడిగితే సమజైతది, ఒక్కోసారి అప్పటికీ కాదు.

నల్లగొండ:
దానికి రేపు వేరే పోస్టు పెడ్త. పాలమూరు తమ్మీ, నువ్వే మొదలువెట్టు.