అప్‌డేట్: మా అమ్మాయి నెలసరి నొప్పి గురించి
నెలసరి వస్తే మా టెన్త్ పాప నొప్పికి వాంతులు చేసుకుని స్కూల్ మానేస్తోంది, ఇది మామూలేనా అని అడిగాను కదా. మీరంతా కాదన్నాక గాజువాక నుంచి ఎంవీపీ కాలనీలో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అంతకుముందు చూపించిన చోట "పెళ్లయితే అదే తగ్గుతుంది" అని పంపేశారు, పదిహేనేళ్ల పిల్లతో అనే మాటేనా అది! ఈవిడ మాత్రం నన్ను ఆగమని, నొప్పి తొడల్లోకి లాగుతుందా, మోషన్‌కి వెళ్లేటప్పుడూ ఉంటుందా అని పాపనే అడిగారు. ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఎక్కువైతే గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుంటుందట, అందుకే వాటిని తగ్గించే మెఫెనమిక్ యాసిడ్ అనే నొప్పి మాత్రని, నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదలవగానే, ఏదైనా తిన్నాక వేసుకోమన్నారు. స్కాన్ నార్మల్. అయినా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) స్కాన్‌లో కనబడకపోవచ్చు కాబట్టి, మందులకు తగ్గకపోతే కచ్చితంగా మళ్లీ రమ్మన్నారు. ఈసారి వాంతులు లేవు, స్కూల్‌కీ వెళ్లింది.